జిప్పు మూసి కుట్టిన బ్యాగు

జూన్ 2

ఈరోజు చెల్లి ఒక పాటర్ను కాగితం తెచ్చి మిషను మీద పరిచింది. ప్రయాణాల బ్యాగు. పైనంతా చిన్న చిన్న త్రికోణాల అతుకులు, అంచులకి పైపింగు, నడినెత్తిన పొడుగాటి జిప్పు, అడుగున గళ్ళు గళ్ళుగా కుట్టిన మెత్త. కాగితం మూల నాలుగు కత్తెర బొమ్మలు వేసి ఉన్నాయి. నాలుగు కత్తెరలంటే చేయి తిరిగినవాళ్ళకి మాత్రమేనట.

"నీకైతే అయిదో కత్తెర కూడా ఇవ్వచ్చక్కా," అంది. పొగిడి పని చేయించుకోవడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య.

"ట్రంకులో నా చిన్నప్పటి గౌన్లన్నీ దాచావుగా, వాటితో కుట్టు. ఎక్కడున్నా నీ దగ్గరున్నట్టే ఉంటుంది."

"ఎక్కడున్నా అంటే?"

అప్పుడు చెప్పింది. బొమ్మల కంపెనీలో ఉద్యోగం వచ్చిందట. పిల్లలు ఆడుకునే బొమ్మలకి ముందు కాగితం మీద రూపం గీసిచ్చే పని. వచ్చే నెల ఒకటిన చేరాలి. రైల్లో ఒక పూట ప్రయాణం. ముందు చక్కెర పెట్టి వెనకాల మాత్ర మింగించే పద్ధతి దానికి నేర్పింది నేనే కదా, ఇప్పుడు నా మీదే ప్రయోగించింది.

సంతోషం అన్నాను. సంతోషంగానే ఉంది. ఎందుకుండదు?

"అయితే బ్యాగు అయ్యేదాకా కదలకూడదు," అన్నాను.

"ఒట్టు. నీ బ్యాగు భుజాన వేసుకునే రైలెక్కుతా."

ఏడింటికి మాత్ర ఇచ్చాను. చెయ్యి చాపు అంటే చాపింది. ఎటో చూస్తూ నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది. అమ్మ పోతూ పోతూ దాన్ని నా చేతిలో పెట్టిన నాటి నుంచీ ఇంతే, నేను ఏం పెడితే అది మింగుతుంది. దానికి చివరిసారి ఫిట్స్ వచ్చి మూడేళ్ళు దాటింది. డాక్టరమ్మ మందు చలవ అంటుంది. వేళ తప్పకుండా ఇచ్చిన చెయ్యి సంగతి ఎవరూ ఎత్తరు.

జూన్ 5

ట్రంకు తీశాను. పసుపు పూల గౌను, బడి చొక్కా, మొట్టమొదటిసారి ఫిట్స్ వచ్చినప్పుడు వేసుకున్న ఊదారంగు గౌను. దాన్ని కత్తిరించడానికి చెయ్యి రాలేదు. కాసేపటికి ముందుగా దాన్నే కత్తిరించాను.

త్రికోణాల మొనలు ఒకదానికొకటి సూదిమొన మీద కలవాలి. కాస్త అటూ ఇటూ అయినా కోతి మొహంలా ఉంటుంది. పావంగుళం కుట్టు వదిలి కత్తిరించడం, కుట్టడం, మడత విప్పి ఇస్త్రీ చేయడం, మళ్ళీ కుట్టడం. తొందరపడి చేసే పని కాదు. దానికి ఆ మాటే చెప్పాను.

"నిదానమే ప్రధానం అక్కా, కాదన్నానా? కానీ ఒకటో తారీఖు నీ నిదానం కోసం ఆగదు," అంది.

జూన్ 7

"అక్కడ మాత్ర ఎవరిస్తారే?"

"ఫోన్లో గంట పెట్టుకుంటా."

"ఫోను గంట కొడుతుంది సరే, నోట్లో కూడా వేస్తుందా?"

"నాకు ఇరవై ఆరేళ్ళక్కా."

"అయితే?"

పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు పంపు తిప్పి వదిలేశాను.

జూన్ 9

నిన్నంతా ఇదే ఆలోచన. ప్లాట్‌ఫారం మీద వస్తే? రోడ్డు దాటుతుంటే వస్తే? స్నానాల గదిలో గొళ్ళెం వేసుకున్నాక వస్తే? అక్కడ దాని తల కింద చెయ్యి పెట్టేది ఎవరు?

అసలు దానికి జబ్బు తగ్గిందో, మందు అణిచి పెట్టిందో ఎవరికి తెలుసు? తెలియకుండా పంపించడం బాధ్యతేనా? పంపే ముందు పరీక్షించి చూడాలి. మందు లేకుండా కూడా రాలేదంటే నిశ్చింతగా పంపిస్తాను, స్టేషనుకి నేనే మోసుకెళ్ళి రైలెక్కిస్తాను. వచ్చిందంటే, ఎక్కడో పరాయిచోట రావడం కంటే ఇక్కడ నా కళ్ళ ముందు రావడమే మంచిది కదా. ఎవరి ముందు పెట్టినా ఇది సబబైన మాటే. ఎవరి ముందూ పెట్టాల్సిన పని లేదు.

నా ఎముకల మాత్రలూ దాని మాత్రలూ ఒకే సైజు, ఒకే తెలుపు.

జూన్ 10

ఏడింటికి మాత్ర ఇచ్చాను. నాది.

జూన్ 13

బ్యాగు రెండు పక్కలూ అయ్యాయి. ఊదా త్రికోణం పక్కన పసుపు పూలు, దాని పక్కన బడి చొక్కా నీలం. ఒక్క మొన కూడా తప్పలేదు. చెల్లి వేలితో కుట్ల మీద రాస్తూ, "ఇది నేను జారుడుబల్ల మీద చింపుకున్నది, ఇది పెళ్ళిలో ఐసుక్రీం ఒలకబోసుకున్నది," అని ఒక్కోటీ చెప్పింది. దాని తల నా భుజాన ఆనించింది. ఇంత ప్రేమ పెట్టుకుని ఎందుకు వెళ్తుందో నాకు అర్థం కాదు.

దాని మాత్రలు ఏం చేయాలన్నది ఒక సమస్య అయింది. అట్టలోంచి తీయకపోతే లెక్క తెలిసిపోతుంది. చెత్తబుట్టలో వేస్తే, బుట్ట పారబోసేది చెల్లే. మందుని పారేస్తే రోగం ఇంట్లోనే కూర్చుంటుందని అమ్మ అనేది. తూములో వేయబోతే అమ్మ మాట గుర్తొచ్చి చెయ్యి ఆగింది.

పాటర్ను ప్రకారం అడుగు ముందు కుట్టాలి. నేను చివరికి పెట్టుకున్నాను. రెండు గుడ్డల మధ్య నిలువుగా కుట్లు వేసుకుని, పై నుంచి దూది కూరి, అడ్డంగా కుట్టేస్తూ పోతే గళ్ళు తయారవుతాయి. ఒక్కో గడిలో దూది. దూది మధ్యలో ఒక మాత్ర. పైనుంచి తడిమితే ఏమీ తెలియదు. నేను తడిమి చూశాను.

జూన్ 16

ఏమీ రాలేదు. హాయిగా ఉంది అది. పాటలు పాడుకుంటూ రైలు టికెట్టు తీసుకుంది.

పరీక్ష అయిపోయినట్టేనా? ఇన్నేళ్ళ మందు ఒంట్లోంచి పోవడానికి టైము పట్టదూ? ఇంకొన్నాళ్ళు చూడాలి.

జూన్ 19

వచ్చింది.

జూన్ 20

నిన్న నోట్లో గుండుసూదులు పెట్టుకుని పైపింగు సరిచేస్తున్నాను. అది ఎదురుగా నిలబడి లైనింగు గుడ్డ ఇస్త్రీ చేస్తోంది. ఏదో చెబుతూ మధ్యలో ఆగింది. నాకు తెలుసు ఆ ఆగడం. సూదులు ఉమ్మేసి లేచేలోపు పడిపోయింది. ఇస్త్రీపెట్టె దాని మోచేతి మీద పడింది. చర్మం కాలిన వాసన ఇంకా గదిలోనే ఉంది, కిటికీలు తీసినా పోవడం లేదు.

తల కింద చెయ్యి పెట్టాను. పక్కకి తిప్పాను. నోరు తుడిచాను. అన్నీ సరిగ్గానే చేశాను, చేతులు వాటంతట అవే చేసేశాయి.

డాక్టరమ్మ అడిగింది. "మందు ఒక్క పూటైనా మానిందా?"

"నేనే నా చేత్తో ఇస్తానండీ," అన్నాను.

అందులో అబద్ధం లేదు. నా చేత్తోనే ఇస్తున్నాను.

"మూడేళ్ళు రాలేదు. ఇప్పుడెందుకొచ్చిందక్కా?" అని దారి పొడుగునా అడుగుతూనే ఉంది. దాని గొంతులో భయం విన్నాను. డాక్టరమ్మ మందు పెంచింది, రాత్రి ఒకటి, పొద్దున ఒకటి.

జూన్ 24

దానికి కట్టు కట్టాను, అన్నం కలిపి పెట్టాను, తల దువ్వాను. రోజంతా నా మంచం మీదే పడుకుంది. ఒకటో తారీఖుకి వెళ్ళడం అయ్యే పని కాదని అదే అంది. నేను అనలేదు.

చాలా రోజుల తర్వాత ఇల్లు ఇల్లులా ఉంది. ఇది రాయకూడదు. రాశాను.

ఇప్పుడు రోజుకి రెండు గళ్ళు నిండుతున్నాయి.

జూన్ 28

కంపెనీకి ఫోన్ చేసిందట. పదిహేనో తారీఖు దాకా గడువు ఇచ్చారట. చేతికి కట్టుతోనే ఎగిరి గంతేసింది. కుక్క తోక ఎవరు సవరించగలరు?

"ఇంత జరిగినా వెళ్తావా?"

"ఇంత జరిగింది కాబట్టే వెళ్తా. ఇంట్లో కూర్చున్నా వచ్చేది వస్తుందని తెలిసింది కదా. దాని కోసం కాపలా కూర్చోవడం ఎందుకు?"

పరీక్షకి నేను అనుకున్న జవాబు అది కాదు.

"బ్యాగు ఎంతవరకూ వచ్చింది?" అని అడిగింది.

జూలై 1

ఈ బ్యాగులు కుట్టేవాళ్ళు మొదటి రోజు నేర్చుకునే పాఠం ఒకటుంది. బ్యాగుని లోపలి వైపు బయటికి పెట్టి కుడతాం. అడుగు అతికే ముందు జిప్పు తెరిచి ఉంచాలి. కుట్టడం అయ్యాక ఆ తెరిచిన దారిలోంచే బ్యాగుని బయటికి తిరగేస్తాం. మూసి కుడితే ఇక దారి ఉండదు, జిప్పు పట్టుకుని లాగే కొక్కెం కూడా లోపలే చిక్కుకుపోతుంది. పాటర్నులో ఆ ముక్క నల్లటి అక్షరాలతో అచ్చేశారు. నా దగ్గర పని నేర్చుకున్న ప్రతి పిల్లకీ నేను నెత్తి మీద మొట్టి మరీ చెప్పిన మాట.

ఈరోజు అడుగు అతికాను. మొత్తం చుట్టూ, రెండు వరసలు, గట్టి దారంతో. తిరగేద్దామని చూస్తే జిప్పు మూసి ఉంది.

ఎంత పరధ్యానంలో ఉన్నానో.

చెల్లి వచ్చి చూసింది. లోపలి వైపు బయటికి ఉన్న బ్యాగు, అంతా దారం కొసలూ మడతలూ, తోలు వొలిచినట్టుంది. "అయ్యో, విప్పాలా మళ్ళీ?" అంది.

"విప్పాలి. గట్టి కుట్టు, మెల్లగా విప్పాలి. గుడ్డ పాతది కదా, తొందరపడితే చిరుగుతుంది. పదిహేనుకి అవుతుందో లేదో."

అది నా వంక చూసింది. కొంచెం ఎక్కువసేపే చూసింది.

"నేను టీ పట్టుకొచ్చినప్పుడు జిప్పు తెరిచే ఉందక్కా," అంది.

జూలై 3

దారాల కొట్టుకి వెళ్ళొచ్చేసరికి మిషను మీద బ్యాగు లేదు. చెల్లి కూడా లేదు.

వీధి చివర పాత సూట్‌కేసులు బాగుచేసే మేస్త్రి ఉన్నాడు. తోళ్ళు కుట్టే పెద్ద మిషను ఉంది ఆయన దగ్గర. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. భోజనానికి షట్టరు దించి ఉంది. షట్టరు మీద అరచేతులతో బాదాను. పక్క కొట్టువాడు తల బయటికి పెట్టి, "ఏం కొంప మునిగిందమ్మా?" అన్నాడు.

ఏమీ లేదన్నాను.

నేను ఇంటికొచ్చేసరికి చెల్లి ఇంట్లోనే ఉంది. అన్నం తింటోంది.

"నీకెందుకు శ్రమ అని మేస్త్రికి ఇచ్చాను. కుట్టు విప్పి, ఆ పెద్ద మిషను మీద మళ్ళీ వేసిస్తానన్నాడు. రేపు ఇస్తాడట."

"అడుగు మెత్త కూడా విప్పుతానన్నాడా?"

"ఏం, అడుగుకేమైంది?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అడిగాను. అనవసరంగా అడిగాను.

జూలై 4

తెచ్చింది.

ఎంత బాగుందో ఆ బ్యాగు. తిరగేసేసరికి అన్ని రంగులూ ఒక్కసారి బయటపడ్డాయి. ఇరవై ఏళ్ళ మిషను పనిలో ఇంత మంచిది నేను కుట్టలేదు. ఏడుపొచ్చింది. చెల్లి మాత్రం దాన్ని బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది.

అడుగున గళ్ళ మెత్త లేదు. గోధుమరంగు గట్టి గుడ్డ ఉంది.

"పాతది ఏమైంది?"

"మేస్త్రి సూది విరిగిందట. అందుకని మార్చేశాడు."

"సూది ఎందుకు విరిగింది?"

"నాకేం తెలుసు? కుట్టింది నువ్వు."

ఏడయింది. ఈరోజు నుంచి అసలు మాత్రే ఇవ్వాలని నేను ముందే అనుకున్నాను. దాని బ్యాగు అయిపోయింది, ఇంక ఆపడం నా వల్ల కాదు, కనీసం మందు ఒంట్లోకి వెళ్ళాలి. దాని అట్టలోంచి తీసి దాని అరచేతిలో పెట్టాను. నిజం. నా డైరీలో నాకే అబద్ధం రాసుకుంటానా?

అది మొదటిసారి మాత్ర వంక చూసింది. వేళ్ళ మధ్య తిప్పి చూసింది. నోట్లో వేసుకుంది. నీళ్ళు తాగింది. స్నానాల గదిలోకి వెళ్ళింది. ఉమ్మిన చప్పుడు వినిపించింది.

జూలై 6

పొద్దున ఒకటి, రాత్రి ఒకటి ఇస్తున్నాను. రెండూ అసలువే. రెండూ ఉమ్మేస్తోంది. మింగు తల్లీ అని ఎలా చెప్పను? చెబితే అన్నీ చెప్పాలి.

మందు లేకుండా ఇది ఎన్నాళ్ళు? ఈసారి మెట్ల మీద వస్తే? నిద్ర పట్టడం లేదు. దాని గది తలుపు దగ్గర చాప వేసుకుని పడుకుంటున్నాను.

జూలై 8

మందుల షాపాయన దగ్గర నా ఎముకల మాత్రలు తీసుకుంటుంటే ఆయనే అన్నాడు. "మీ చెల్లెలు కూడా వేరే అట్టలు తీసుకుంటోందే. ఇంట్లో ఉన్నవి పాడయ్యాయటగా?"

అవునన్నాను. పాడయ్యాయన్నాను.

అంటే అది మింగుతోంది. తనంతట తను, వేళకి, నేను లేకుండా. గుండె మీద నుంచి రాయి దిగినట్టుండాలి కదా. దిగలేదు. ఆ రాయి వేరే చోట కూర్చుంది.

జూలై 11

మేం బాగానే మాట్లాడుకుంటున్నాం. ఉప్పు ఇటు ఇవ్వు, తలుపు వెయ్యి, వాన వచ్చేలా ఉంది. అది టీ పెట్టి తెచ్చింది. "తాగక్కా," అంది.

తాగలేదు. అది అటు తిరగగానే కుండీలో పోశాను. నా చెల్లెలు పెట్టిన టీ. ఎందుకలా చేశానో నాకు తెలుసు. దాని చేతికి ఏ పాపం తెలియదని కూడా తెలుసు.

అది వెనక్కి తిరిగి కుండీ వంక చూసింది.

జూలై 14

ఈరోజు వెళ్ళింది. అన్నీ రాయాలి, లేకపోతే రేపటికి నాకు వీలైనట్టు మార్చేసుకుంటాను.

పొద్దున లేచేసరికి మిషను మీద పాత అడుగు పరిచి ఉంది. ప్రతి గడీ విప్పి ఉంది. చింపలేదు. కుట్టు కుట్టుకీ రిప్పరు పెట్టి, నేను నేర్పినట్టే, గుడ్డకి గాటు పడకుండా విప్పింది. దూది ఒక పక్క కుప్పగా పెట్టింది. మాత్రలు లేవు.

"అంచు గళ్ళలో దొరికినవి మేస్త్రి నా దోసిట్లో పోసిచ్చాడు, మిగతావి నేనే తీశాను," అంది వెనకనుంచి. "మీ అక్క లోపల పూసలు కుట్టిందమ్మా, ఎంత ఓపికో, అన్నాడు. ఆయనకి తెలియదు పాపం."

నేను కుర్చీలో కూర్చుండిపోయాను.

"నీ మంచికే..." అన్నాను.

"వద్దక్కా."

"అక్కడ వచ్చే బదులు నా కళ్ళ ముందు..."

"వద్దన్నానా?" అరిచింది. పుట్టాక నా మీద మొదటిసారి అరిచింది. మోచేతి మీద కాలిన మచ్చ ఇంకా గులాబీరంగులోనే ఉంది. ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. "ఆ రోజు నేను పడిపోయినప్పుడు నీకు ఎలా అనిపించింది? నిజం చెప్పు."

భయమేసింది అన్నాను. అది నిజమే. కానీ భయం ఒక్కటే కాదని దానికి తెలుసు, ఆ నాలుగు రోజులూ నా మొహం చూసిందిగా.

బ్యాగు సర్దుకుంది. బట్టలు, గీసుకునే పుస్తకాలు, రంగు పెన్సిళ్ళు. పాటర్ను వాళ్ళు పక్కన పెట్టమన్న చిన్న జేబులో మాత్రల అట్టలు పెట్టి, నా ఎదురుగానే మూసింది.

"వెళ్ళాక ఫోన్ చెయ్యి," అన్నాను.

"చెయ్యను. ఉండే చోటు కూడా చెప్పను. నాకు మళ్ళీ వస్తే నీకు తెలియదు. రాకపోయినా తెలియదు."

"అంత శిక్ష వెయ్యకే."

"శిక్ష కాదక్కా. నువ్వు తెలుసుకుంటే మళ్ళీ వచ్చేస్తావు."

తర్వాత గ్లాసులో నీళ్ళు తెచ్చింది. నా ముందు నిలబడి, "చెయ్యి చాపు," అంది.

చాపాను. తెల్లటి మాత్ర ఒకటి అరచేతిలో పెట్టింది. నేను దాని మొహమే చూస్తున్నాను. మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు తాగాను.

"చూడకుండా వేసుకున్నావే. మొన్న టీ పారబోసినదానివి," అంది.

"నువ్విచ్చావుగా," అన్నాను.

అప్పుడు ఏడ్చింది. నిలబడి, బ్యాగు భుజాన ఉండగానే, చిన్నప్పుడు ఏడ్చినట్టు నోరు తెరిచి ఏడ్చింది. దగ్గరికి వెళ్ళబోతే ఒక అడుగు వెనక్కి వేసింది.

"నేనూ అదే అనుకునేదాన్ని," అంది.

మెట్లు దిగుతుంటే కిటికీలోంచి చూశాను. ఊదా, పసుపు, నీలం. ఒక్క మొన కూడా తప్పలేదు. మలుపు దాకా కనిపించింది.

నా ఎముకల మాత్ర సున్నంలా చప్పగా ఉంటుంది. ఇది చేదుగా ఉంది. ఇంకా నాలుక మీద చేదు పోలేదు. కళ్ళు మూతలు పడుతున్నాయి. దానికి రోజూ ఇలాగే ఉండేదా? ఇన్నేళ్ళలో నేను ఒక్కసారీ అడగలేదు.

జూలై 15

ఏడింటికి లేచి గ్లాసులో నీళ్ళు పోశాను. పోశాక గుర్తొచ్చింది.

ఈరోజు దాని మొదటి రోజు. మింగి ఉంటుంది. మర్చిపోయి ఉండదు. ఫోన్లో గంట పెట్టుకుంటానంది. ఒకవేళ ఫోను ఎక్కడో పెట్టి మర్చిపోతే? గంట వినపడకపోతే?

ఇక్కడి నుంచి నాకు ఏమీ వినపడదు.

నీళ్ళు నేనే తాగేశాను. మిషను మీద ఆ గళ్ళ గుడ్డ ఇంకా అలాగే ఉంది.